ఇంజను కంటే ముందు కొనవలసినవి



ఆసుపత్రి పత్రికలో పడవల గురించి రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. మన ముప్పాళ్ళకు నది లేదు. మనకు బాగా తెలిసినవి సాగర్ కాలువ నీళ్లే. అయితే మన సంఘస్థుల వియ్యాలవారు, ఆడపడుచులు, అన్నదమ్ములు చాలామంది అచ్చంపేట, బెల్లంకొండ, అమరావతి వైపు కృష్ణ ఒడ్డున ఉన్నారు. కాన్పులకు, జ్వరాలకు వారు మన దగ్గరకే వస్తారు. వారి కష్టం మన కష్టమే.

గత నెలలో ప్రసూతి వార్డుకు అటువంటి ఇంటినుండి ఒక కోడలు వచ్చింది. సుఖప్రసవమై మగబిడ్డ పుట్టాడు. ఆ ఇంటివారు తాతలనాటి నుండి పుట్టి మీద, నాటు పడవ మీద చేపలు పట్టుకుని బ్రతికేవారు. తెడ్డు వేసి వేసి తండ్రికి భుజాలు పడిపోయాయి. ఇప్పుడు కొడుకు మరపడవ కొనాలనుకున్నాడు. ఆ ఇంట్లో ఇదే మొదటి మరపడవ. భార్య మెడలోని గొలుసు అమ్మి కొంత, సంఘంలోని పొదుపు డబ్బు అప్పుగా తీసుకుని కొంత పెట్టాలని వారి ఆలోచన.

బిడ్డను చూడవచ్చిన ఆ కుర్రవాడు సెల్‌ఫోనులో ఒక ఇంజను బొమ్మ చూపించి, "సిస్టరమ్మా, పదిహేను హార్స్‌పవర్‌ది తీసుకోమంటారా, పాతికదా?" అని అడిగాడు. పక్కనున్న తల్లి, "ఏదీ వద్దని చెప్పండమ్మా, మీ మాటైతే వింటాడు" అని కళ్ళొత్తుకుంది.

మేము ఇంజను సంగతి చెప్పలేదు. "లైఫ్ జాకెట్లు ఎన్ని కొంటున్నావు నాయనా?" అని అడిగాము. జాకెట్టు అనగానే వార్డులోని ఆడవాళ్లంతా నవ్వారు. కుర్రవాడూ నవ్వి, "మేము నీళ్లలో పుట్టినోళ్లం సిస్టరమ్మా, మాకెందుకవి?" అన్నాడు.

ఆ మాట మా నర్సులందరినీ ఆలోచింపజేసింది. పడవ కొనవద్దని మేము చెప్పము. కుటుంబం ఒక మెట్టు పైకి ఎక్కాలనుకోవడం తప్పు కాదు. కాని కొనే వరుస మారాలని మా అభిప్రాయం. అందరూ మొదట ఇంజను చూస్తారు, తరువాత పడవ చూస్తారు, డబ్బు మిగిలితే జాకెట్లు చూస్తారు. డబ్బు ఎప్పుడూ మిగలదు. కనుక ముందు జాకెట్లు, తరువాత పడవ, ఆ తరువాత ఇంజను కొనాలి. ఎందుకో ఈ వ్యాసంలో చెబుతాము.

మా తప్పు ముందు చెప్పుకుంటాము

ఇతరులకు బుద్ధి చెప్పే ముందు మా సంగతి ఒకటి చెప్పాలి. కొన్ని సంవత్సరాల క్రితం నది అవతల వైద్య శిబిరానికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో సాయంత్రం ఒక చిన్న మరపడవ ఎక్కాము. నర్సులు, మందుల పెట్టెలు, ఊరివారు ఇద్దరు, అందరం కలిసి పద్నాలుగు మందిమి. పడవ అంచుకు నీటికి మధ్య జానెడు కూడా లేదు. ఒక్కరి ఒంటిమీద కూడా జాకెట్ లేదు. నది మధ్యలో గాలి లేచింది. నీళ్లు లోపలికి కొట్టాయి. మందుల పెట్టె మూతతో నీళ్లు తోడుకుంటూ, ప్రార్థన చేసుకుంటూ ఒడ్డు చేరాము.

ఆ రోజు ప్రభువు కాపాడాడని సాక్ష్యం చెప్పుకున్నాము. అది నిజమే. అయితే ఎక్కేటప్పుడే "ఇంతమంది వద్దు, సగం మందిని మళ్ళీ వచ్చి తీసుకెళ్ళండి" అనగలిగిన నోరు మాకు ఉండి కూడా అనలేదు. రోగికి సూది వేసేముందు మందు పేరు, మోతాదు రెండుసార్లు చూసుకునే మేము, పడవ ఎక్కేముందు మనుషులను లెక్క పెట్టలేదు. ఆ మౌనం మా తప్పు.

నీళ్లు చెప్పిన పాఠాలు

మన రాష్ట్రంలో జరిగిన సంగతులు మరచిపోకూడదు. 2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదు. పట్టేవారికంటే ఎక్కువమందిని ఎక్కించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్రకు వెళ్తున్న రాయల్ వశిష్ట పడవ మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. వరదలో ఆ పడవను పైకి తీయడానికి అక్టోబరు 22 వరకు పట్టింది.

మన దగ్గరి సంగతి చూడండి. 2021 డిసెంబరులో అచ్చంపేట మండలం మాదిపాడు దగ్గర స్నానానికి దిగిన వేదపాఠశాల విద్యార్థులు ఐదుగురు, వారి గురువు ఒకరు కృష్ణలో మునిగిపోయారు. ఆ తల్లుల కడుపుకోత ఏ మతం వారిదైనా ఒక్కటే. అక్కడ పడవ లేదు, ఇంజను లేదు. నది ఒక్కటే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు మూడు లక్షలమంది నీట మునిగి చనిపోయారు. వారిలో నూటికి తొంభైమందికి పైగా మనలాంటి పేద, మధ్యతరగతి దేశాలవారే. అందుకే ఐక్యరాజ్య సమితి 2021 నుండి జూలై 25వ తేదీని నీటి ప్రమాదాల నివారణ దినంగా పాటిస్తున్నది. మలేరియాకు దోమతెర ఎలాగో, నీటికి జాకెట్ అలాగే. రెండూ చవకైనవే. రెండింటినీ మనం ఇంట్లో పెట్టి వాడము.

"నాకు ఈత వచ్చు" అనేవారికి

ఈత వచ్చినవాడు మునగడని అనుకోవడం పొరపాటు. పడవ బోల్తాపడినప్పుడు అంచు తలకు తగిలితే స్పృహ పోతుంది. స్పృహ లేనివానికి ఈత రాదు. వల కాళ్ళకు చుట్టుకుంటుంది. పిక్కలు పట్టేస్తాయి. ఈతరాని వాడు ఈత వచ్చినవాని మెడ పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు. జాకెట్ ఉంటే స్పృహ లేనివాడు కూడా తేలుతాడు. తేలేవానిని వెతకడం, లాగడం తేలిక.

జాకెట్ కొనేటప్పుడు రంగు చూసి కొనకండి. దాని మీద ఎంత బరువున్నవారికో, ఎంత తేలే శక్తి ఉందో రాసి ఉంటుంది. 50 న్యూటన్లది ఈత వచ్చినవారికి, ఒడ్డు దగ్గర సహాయం ఉన్నచోట మాత్రమే సరిపోతుంది. నది మధ్యకు వెళ్ళేవారికి 100 న్యూటన్లు గలది కావాలి. పిల్లలకు పిల్లల కొలతది వేరే కొనాలి. పెద్దవాళ్లది పిల్లలకు వేస్తే నీళ్లలో పడగానే పైకి జారి, పిల్లవాడు కిందికి పోతాడు. కాళ్ళ మధ్యనుండి కట్టే పట్టీ ఉన్నది తీసుకోండి. జాకెట్లను పడవ అడుగున తాడుతో మూటకట్టి ఉంచితే లాభం లేదు. పడవ తిరగబడడానికి రెండు క్షణాలు చాలు, ముడి విప్పడానికి చాలవు. ఒంటిమీద ఉన్నదే జాకెట్. పడవలో ఉన్నది బరువు మాత్రమే.

ఎంతమందికి ఏ పడవ?

పడవ కొనేవారు ముందు ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాసుకోవాలి. రోజూ ఎంతమంది ఎక్కుతారు? ఎంత సరుకు ఎక్కుతుంది? ఏ నీళ్లలో తిరుగుతుంది? పులిచింతల వెనుక నిలిచిన నీళ్లలో తిరిగే పడవ వేరు, పారే నదిలో ఎదురెక్కే పడవ వేరు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకోవాలని మన ప్రభువు చెప్పిన సంగతి లూకా 14వ అధ్యాయంలో ఉన్నది. పడవకు కూడా అదే లెక్క.

చిన్న పడవలకు ఒక సులువైన లెక్క ఉంది. పడవ పొడవును వెడల్పుతో హెచ్చించి, 15తో భాగించాలి. రెండూ అడుగుల్లోనే కొలవాలి. 18 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటే 90 వస్తుంది. 15తో భాగిస్తే ఆరు. ఆ పడవలో ఆరుగురికి మించి ఎక్కకూడదు. అది కూడా నీరు నిమ్మళంగా ఉన్నప్పుడే. చేపల బుట్టలు, వలలు, పెట్రోలు డబ్బా ఉంటే మనుషులను తగ్గించాలి. మా పద్నాలుగు మంది సంగతి ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

ఫైబరు పడవ తేలిక, తుప్పు పట్టదు. చెక్క పడవకు ప్రతి సంవత్సరం అతుకులు పూడ్చి, తారు పూయాలి. పాతది కొంటుంటే పడవ పొడవునా రూపాయి బిళ్ళతో తట్టి చూడండి. గట్టి చోట ఖంగుమంటుంది, లోపల పొరలు ఊడిన చోట బొద్దుగా వినిపిస్తుంది. ఇంజను బిగించే వెనుక పలకను బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే ఆ పడవ వద్దు. ఇంజను అదురుకు ఆ పలక విరిగితే ఇంజనుతో పాటు వెనుక భాగమంతా పోతుంది.

మరొక పరీక్ష కూడా చేయవలసి ఉంది. మోకాలి లోతు నీళ్లలో, ఒడ్డు పక్కనే, ఇంజను తీసేసి పడవను నీళ్లతో నింపండి. బల్లల కింద నురుగు దిమ్మలు సరిగా పెట్టి ఉంటే నిండినా తేలుతుంది. మునిగిపోతే అది నదిలో కూడా మునిగిపోతుంది. అమ్మేవాడు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే అక్కడికి ఆపేయండి. నిండినా తేలే పడవను పట్టుకుని మనిషి గంటలకొద్దీ ఉండవచ్చు.

ఇంజను సంగతి

ఇప్పుడు ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్నకు వస్తాము. పడవ వెనుక పలక మీద ఎంత హార్స్‌పవర్ వరకు బిగించవచ్చో రాసి ఉండాలి. లేకపోతే తయారు చేసినవారిని అడిగి రాయించుకోవాలి. దానికి మించి బిగిస్తే వెనుక భాగం బరువెక్కి, తిప్పినప్పుడు నీళ్లు లోపలికి వస్తాయి. చిన్న పడవకు పెద్ద ఇంజను పెట్టడమంటే, పసిబిడ్డకు పెద్దల మోతాదు మందు వేయడమే.

వెనుక తగిలించే పెట్రోలు ఇంజనుకు కాలు పొడవు కూడా చూడాలి. 15 అంగుళాలది పొట్టి, 20 అంగుళాలది పొడవు. వెనుక పలక ఎత్తుకు సరిపడేదే కావాలి. పొట్టిదైతే పంకా గాలిలో తిరుగుతుంది, పొడవుదైతే నేలకు తగులుతుంది. ఇంజను ఆడుతున్నప్పుడు పక్కనుండి సన్నని నీటిధార వస్తూ ఉండాలి. అది చల్లబరిచే నీరు. ఆ ధార ఆగితే ఇంజను కాలిపోతుంది. పాత ఇంజను కొనేవారు ఒడ్డున స్టార్ట్ చేసి చూసి సరిపెట్టుకోకుండా, నిండు బరువుతో నీళ్లలో ఒక గంట నడిపి చూడండి. ఇంజను నంబరు, కాగితాలు సరిచూడండి. విడిభాగాలు మీ దగ్గరి పట్టణంలో దొరుకుతాయో లేదో అడగండి. దొరకని ఇంజను ఎంత చవకైనా ఖరీదే.

డీజిలు ఇంజను పడవ మధ్యలో పెట్టి కడ్డీతో పంకా తిప్పే పడవలు కూడా ఉన్నాయి. ఖర్చు తక్కువ. అయితే ఆ తిరిగే కడ్డీకి, బెల్టుకు పైన మూత ఉండి తీరాలి. ఇది మేము కళ్ళారా చూసి చెబుతున్న మాట. బెల్టులో జడ చిక్కుకుని తలమీది చర్మం ఊడివచ్చిన ఒక ఆడబిడ్డకు మేము కట్లు కట్టాము. ఆమె బ్రతికింది. కాని అద్దం చూసుకోవడానికి ఆమెకు ఎన్ని నెలలు పట్టిందో మాకు తెలుసు. ఆ మూతకు అయ్యే రేకు ఒక అడుగు. అమ్మలారా, మరపడవ ఎక్కేటప్పుడు జడ ముడి వేసుకోండి, పైట, చున్నీ నడుముకు దోపుకోండి, ఇంజనుకు దూరంగా కూర్చోండి.

ఇంజనుతో పాటు ఒక ఎర్ర తాడు వస్తుంది. ఒక కొన ఇంజను మీటకు, మరో కొన నడిపేవాని చేతికి లేదా జాకెట్‌కు తగిలించాలి. నడిపేవాడు నీళ్లలో పడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. చాలామంది దానిని మీటకే చుట్టి వదిలేస్తారు. అప్పుడు మనిషి పడ్డా పడవ గుండ్రంగా తిరిగి వచ్చి అతనిమీదికే వస్తుంది. పంకా చేసే గాయం కత్తి గాయంకంటే ఘోరం. ఈత కొట్టేవారి దగ్గర, పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఇంజను ఆపి తీరాలి.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పడవ అడుగున చేరి ఉంటుంది. బీడీ నిప్పు ఒక్కటి చాలు. పెట్రోలు నింపేటప్పుడు ఎవరూ పడవలో ఉండకూడదు. రోజూ డీజిలు ఇంజను పక్కన కూర్చునేవారికి కొన్నేళ్ళలో వినికిడి తగ్గుతుంది. చెవుల్లో దూది చాలదు, చెవి బిరడాలు పెట్టుకోండి. ఇంధనాన్ని మూడు భాగాలు చేసుకోండి. ఒక భాగం వెళ్ళడానికి, ఒక భాగం రావడానికి, ఒక భాగం ఆపదకు. ఇంజను ఆగిపోయే రోజు ఒకటి వస్తుంది కనుక తాత వాడిన తెడ్లను అమ్మేయకండి.

కాగితాలు, కట్టుతాళ్ళు

జనాన్ని ఎక్కించుకుని బాడుగ తీసుకునే మరపడవకు రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్, నడిపేవానికి అర్హత పత్రం, బీమా ఉండాలి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్గత జలరవాణా నౌకల చట్టం వచ్చింది. చేపల పడవను పండుగ రోజున బాడుగ పడవగా మార్చవద్దు. పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ చేసిన నష్టం పైన చెప్పాము. చేపలు పట్టేవారికి పడవలకు, వలలకు సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలైంది. అందులో సాధారణ లబ్ధిదారులకు యూనిట్ ఖరీదులో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు 60 శాతం వరకు సహాయంగా పెట్టారు. గొలుసు అమ్మే ముందు మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్ళి, ఇప్పుడు మీకు వర్తించేది ఏమిటో అడగండి.

కట్టివేయడం చిన్న పని అనుకోకండి. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, పైనుండి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజి గేట్ల దగ్గర ఢీకొని అక్కడి కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. వాటిని తీయడానికి ఇంజనీర్లు రోజుల తరబడి శ్రమపడ్డారు. పడవకు ఒక లంగరు, రెండు మంచి తాళ్ళు కొనండి. వరద వార్త వినగానే పడవను గట్టు ఎక్కించండి. 2021 ఆగస్టు 5న పులిచింతల ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దిగువన ఉన్నవారు నీటి మట్టం ఎప్పుడైనా మారుతుందని తెలుసుకుని ఉండాలి.

మునిగినవారిని తీసినప్పుడు

కొన్నేళ్ళ క్రితం ఒక తండ్రిని ఆటోలో తెచ్చారు. నీళ్లలోనుండి తీసి అరగంట దాటింది. ఆ అరగంటలో ఊరివారు అతన్ని తలకిందులుగా వేలాడదీశారు, పొట్ట నొక్కారు, గిరగిరా తిప్పారు. నీళ్లు కక్కించాలని వారి తాపత్రయం. ఊపిరి మాత్రం ఎవరూ ఊదలేదు. మేము చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ ఊరివారిని మేము నిందించము. వారికి ఎవరూ నేర్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాము, కత్తిరించి ఇంట్లో పెట్టుకోండి.

1. ఊపిరి లేకపోతే వెల్లకిల పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం పైకెత్తండి. ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఐదుసార్లు ఊపిరి ఊదండి. మునిగినవానికి ముందు కావలసినది గాలి.
2. ఆ తరువాత ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కండి, 2 సార్లు ఊదండి. సహాయం వచ్చేదాకా, లేక ఊపిరి వచ్చేదాకా ఆపకండి.
3. పొట్ట నొక్కకండి, తలకిందులు చేయకండి. కడుపులోని నీరు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
4. ఊపిరి ఉండి స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తడిబట్టలు తీసి కప్పండి.
5. ఇంకొకరు వెంటనే 108కి ఫోను చేయాలి.
6. లేచి మాట్లాడినా ఆసుపత్రికి తీసుకురండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరువాత కూడా రావచ్చు.

రక్షించడానికి దూకేముందు తాడో, గెడో, ఖాళీ డబ్బానో విసరండి. ఒకరి కోసం ఇద్దరు పోవడం మేము చూశాము.

పడవ ఎవరు నడపకూడదో కూడా చెప్పాలి. మూర్ఛ వ్యాధి ఉన్నవారు నడపకూడదు, ఒంటరిగా పడవలో వెళ్ళకూడదు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు తినకుండా వెళ్ళకూడదు, జేబులో చక్కెర ఉంచుకోవాలి. చూపు మందగించినవారు ముందు కళ్ళు చూపించుకోవాలి. సారా, బ్రాందీ తాగినవాని పడవ ఎక్కకూడదు, అతడు మీ బావగారైనా సరే.

విశ్వాసం, జాగ్రత్త

"ప్రభువుమీద ఆనుకున్నవారికి జాకెట్లెందుకు?" అని ఒక పెద్దాయన మాతో అన్నారు. ఆయన విశ్వాసాన్ని మేము గౌరవిస్తాము. అయితే అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఒకసారి చదవమని ఆయనకు మనవి చేశాము. పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉన్నారు. కాలం మించిపోయింది, ఇప్పుడు బయలుదేరితే నష్టం కలుగుతుందని పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి మాత్రం పౌలు మాట కాదని నావికుని మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. ఓడ పగిలింది. ఎవరి ప్రాణానికీ హాని కలుగదని దేవుడు వాగ్దానం చేశాడు. అయినా వారు ఒడ్డు చేరింది ఈది, పలకలు పట్టుకుని. దేవుని వాగ్దానము పలకలను వద్దనలేదు. మన జాకెట్ ఆ పలక వంటిదే.

మా మనవి

సంఘానికి, ఆసుపత్రికి మూడు మనవులు చేస్తున్నాము. మొదటిది, సంఘం పొదుపు డబ్బు పడవకు అప్పు ఇచ్చేటప్పుడు, ఎంతమంది ఎక్కుతారో అన్ని జాకెట్లు కొన్న రసీదు చూసిన తరువాతే ఇంజనుకు డబ్బు ఇవ్వాలి. ఇది కఠినం కాదు. మంచి జాకెట్ ఒకటి వెయ్యి, రెండు వేల రూపాయల్లో వస్తుంది. రెండవది, ఈ సంవత్సరం కోతపండుగ కానుకలలో కొంత భాగంతో పిల్లల కొలత జాకెట్లు కొని, నది ఒడ్డున ఉన్న మన కుటుంబాలకు ఇవ్వాలి. స్త్రీల సమాజము వారు, యౌవనస్థులు ఇందుకు ముందుకు రావాలి. మూడవది మా గురించి. ఇకమీదట శిబిరానికి వెళ్ళే మా నర్సులు ఎవరూ జాకెట్ లేకుండా పడవ ఎక్కరు. రేవులో ఎంత ఆలస్యమైనా, ఎవరేమనుకున్నా ఎక్కరు.

అడిగిన సంఘాలకు వచ్చి ఊపిరి ఊదడం, ఛాతీ నొక్కడం బొమ్మ మీద చూపించి నేర్పడానికి మా నర్సులు సిద్ధంగా ఉన్నారు. ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట చాలు.

ఆ కుర్రవాడు ఇంకా ఏదీ కొనలేదు. ఇంటికి వెళ్ళేరోజు బిడ్డను భుజాన వేసుకుని, ఇంజను మాట ఎత్తకుండా, "ఇంత చిన్నోళ్లకి కూడా ఉంటాయా సిస్టరమ్మా అవి?" అని మాత్రం అడిగాడు. ఇంత పసివాడిని పడవే ఎక్కించవద్దని చెప్పాము. అతని తల్లి వింటూ నిలబడింది, ఏమీ అనలేదు.

ఆరో వారం టీకాకు ఆ బిడ్డను తీసుకువస్తారు. అప్పుడు ఇంజను ఎన్ని హార్స్‌పవరో మేము అడగము. జాకెట్లు ఎన్నో అడుగుతాము.

ప్రభువు మన నదులమీద, మన పిల్లలమీద తన చెయ్యి ఉంచి కాపాడును గాక. ఆమేన్.

ప్రభువు సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సుల పక్షమున